మార్చిలో కత్తెర పడితేనే మేలో గులాబీ రంగు.. విల్లో పొదను పెంచేదిలా!

విల్లో అనగానే మనకు క్రికెట్ బ్యాటే గుర్తొస్తుంది. బ్యాట్ కలప ఇచ్చేది పెద్ద చెట్టు. అదే కుటుంబంలో అందం కోసం పెంచే చిన్న పొదలూ ఉన్నాయి. వాటిలో బాగా ఫేమస్.. జపాన్ నుంచి వచ్చిన 'హకురో నిషికి'. వసంతంలో చిగుళ్లు గులాబీ రంగులో వస్తాయి, ఆకులపై తెలుపు, ఆకుపచ్చ మచ్చలు కలిసిపోయి ఉంటాయి. న్యూజెర్సీ, షికాగోల్లో ఇల్లు కొని గార్డెన్ మొదలుపెట్టే తెలుగువాళ్లకు నర్సరీల్లో కంటపడే మొక్కే ఇది.

కొన్న ఏడాది బాగానే ఉంటుంది. రెండు మూడేళ్లకు 'రంగు పోయింది' అనే కంప్లయింట్ మొదలవుతుంది. కారణం సింపుల్.. కత్తిరించకపోవడమే! గులాబీ రంగు కొత్త కొమ్మలకే వస్తుంది. అందుకే చలికాలం చివర్లో, మొగ్గలు విచ్చుకోకముందే, ముదురు కొమ్మల్లో మూడో వంతు మొదలంటా తీసేయాలి. పొద మరీ గుబురైపోతే మొత్తాన్నీ అడుగు ఎత్తుకి నరికేసినా భయం లేదు, మళ్లీ చిగురిస్తుంది. జూన్‌లో పైపైన ఇంకోసారి కత్తిరిస్తే మరో విడత గులాబీ చిగుళ్లు చూడొచ్చు. పూర్తిగా పచ్చగా వచ్చే కొమ్మ కనిపిస్తే మాత్రం వెంటనే మొదట్లోనే తీసేయాలి. లేదంటే అదే మిగతా పొదని మింగేస్తుంది. కాండం మీద అంటుకట్టి గొడుగులా పెంచిన మొక్క అయితే అంటు కిందికి కత్తెర వెళ్లకూడదు.

ఎండ బాగా తగలాలి, నేల తడిగా ఉండాలి. టెక్సస్ లాంటి వేడి చోట్ల మధ్యాహ్నం నీడ లేకపోతే ఆకులు మాడిపోతాయి. వేర్లు నీటిని వెతుక్కుంటూ వెళ్తాయి కాబట్టి డ్రైనేజీ పైపుల దగ్గర అస్సలు నాటొద్దు. పగులు దొరికితే లోపలికి దూరిపోతాయి.

కొత్త మొక్క కావాలంటే డబ్బు పెట్టక్కర్లేదు. చలికాలంలో జానెడు కొమ్మ కోసి, మూడొంతుల్లో రెండొంతులు తడి మట్టిలో గుచ్చితే చాలు.

మరి హైదరాబాద్, విజయవాడల్లో? కష్టమే. దీనికి ఆకులు రాల్చి నిద్రపోయేంత చలి కావాలి. ఆన్‌లైన్‌లో 'గులాబీ విల్లో విత్తనాలు' అని ప్యాకెట్ కనిపిస్తే డబ్బులు కట్టేయకండి. విల్లో విత్తనం బయట బతికేది సాధారణంగా కొద్ది రోజులే. ఒకవేళ మొలిచినా ఈ రంగులు వస్తాయన్న గ్యారంటీ లేదు. ఈ రకాన్ని నర్సరీలు కొమ్మల నుంచే పెంచుతాయి.