హార్డ్‌డిస్కును ముట్టని లినక్స్

పాతికేళ్ల కిందట లినక్స్ ఎలా ఉంటుందో చూడాలంటేనే ముందు హార్డ్‌డిస్కును విభజించాలి. ఉన్న విండోస్ పోతుందేమోనని భయం. మానిటరు, మౌస్, సౌండ్‌కార్డు వివరాలు చాలాసార్లు మనమే రాసివ్వాలి. ఇంత ఓపిక పడితేనే డెస్క్‌టాప్ కనిపించేది. ఈ బాధ తప్పించిన వారిలో ముఖ్యుడు జర్మనీ ఇంజినీరు క్లౌస్ క్నోపర్.

ఆయన లినక్స్ పాఠాలు చెప్పేవారు, సంస్థలకు సలహాలిచ్చేవారు. వెళ్లిన ప్రతిచోటా కొత్త కంప్యూటరే. ల్యాప్‌టాప్ మోయకుండా, తన పనిముట్లన్నీ ఒక్క సీడీలో పెట్టుకెళ్లి ఎక్కడైనా నడపాలనుకున్నారు. సీడీ నుంచి నడిచే లినక్స్ అంతకుముందూ ఉంది. ఆయనకు కావలసింది ఏ యంత్రంలో పెట్టినా తనంతట తాను సర్దుకుని, పూర్తి డెస్క్‌టాప్‌ను ముందుంచేది.

పునాదిగా డెబియన్‌ను తీసుకున్నారు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఆ డిస్ట్రో (లినక్స్ పంపిణీ)లో వేల ప్యాకేజీలున్నాయి. ఒక ప్రోగ్రాం అడిగితే దానికి అవసరమైనవన్నీ వెంట వస్తాయి. మార్చుకుని, మార్చినది పదిమందికీ పంచే స్వేచ్ఛ ఉంది.

చిక్కల్లా చోటుతోనే. సీడీలో పట్టేది 700 ఎంబీ. ఆయన ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ దాదాపు 2 జీబీ. రస్టీ రస్సెల్ మొదట రాసిన క్లూప్ అనే డ్రైవరును క్నోపర్ మెరుగుపరిచారు. అది మొత్తం డిస్కును చిన్నచిన్న ఖండాలుగా కుదించి ఉంచుతుంది. అడిగిన ఖండాన్ని మాత్రమే అప్పటికప్పుడు విప్పుతుంది. సీడీ నుంచి చదవాల్సింది తగ్గి, డ్రైవు నెమ్మదితనమూ కొంత మరుగున పడింది. సీడీ మీద రాయలేం కనుక సెట్టింగులను, ఫైళ్లను ర్యామ్‌లో ఉంచారు. హార్డ్‌వేర్‌ను గుర్తుపట్టడానికి రెడ్‌హ్యాట్ వారి కుడ్జు అనే పనిముట్టును ఆధారం చేసుకున్నారు. అలా 2000లో నాపిక్స్ వెలువడింది.

తన కోసం చేసుకున్నది లోకానికి పనికొచ్చింది. విండోస్ మొరాయించిన కంప్యూటర్ల నుంచి ఫైళ్లు బయటికి తీయడానికి జనం దాన్ని వాడారు. మరికొందరు దాన్నే పునాది చేసుకున్నారు: క్లూప్ ఫైలును విప్పి, అక్కరలేనివి తీసి, కావలసినవి చేర్చి, మళ్లీ కుదించి కొత్త సీడీ తయారుచేశారు. దీన్నే రీమాస్టరింగ్ అంటారు. గణన శాస్త్రజ్ఞుల కోసం క్వాంటియన్, 50 ఎంబీలో ఇమిడే డ్యామ్ స్మాల్ లినక్స్ ఇలా పుట్టినవే. 2005లో నాపిక్స్‌లో యూనియన్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ చేరాక, సీడీ ఫైళ్లను మార్చినట్టే పనిచేసే వీలు వచ్చింది; మార్పులు మాత్రం ర్యామ్‌లో ఉంటాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి మెట్టు. క్నోపర్ భార్య అడ్రియానెకు చూపు లోపం ఉంది. ఆమె సాయంతో, ఆమె పేరు మీదే, తెర అవసరం లేని డెస్క్‌టాప్‌ను రూపొందించారు. బూట్ అవుతుండగా అడ్రియానె అని టైపు చేస్తే చాలు, మెనూ గొంతుతో పలుకుతుంది. ఈమెయిల్, వెబ్, స్కానరుతో పుస్తక పఠనం కీబోర్డుతోనే సాగుతాయి. బ్రెయిల్ పరికరాలూ పనిచేస్తాయి.

నాపిక్స్‌లోని భాగాలు చాలావరకు ఇతరులు రాసినవే. వాటిని ఒక మనిషి అవసరం చుట్టూ పేర్చడమే క్నోపర్ ఆవిష్కరణ. సొంత డిస్ట్రో కట్టాలనుకునేవారు వాల్‌పేపరు, థీము ఎంచుకోవడానికి ముందే, అది ఎవరి ఏ ఇబ్బంది తీర్చాలో తేల్చుకోవాలి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆ జవాబే చెబుతుంది.