మీట నుండి మాటకు: తెలుగు కంప్యూటర్ వ్యవహారంలో ఊహించిన మనిషి - రాయలసీమ నేపథ్యం

ఉపోద్ఘాతం

కంప్యూటరుతో మనిషి ఎలా వ్యవహరించాలన్నది, యంత్రం తయారు కావడానికి ముందే ఎవరో ఒకరి ఊహలో రూపుదిద్దుకుంటుంది. 1945లో వానెవర్ బుష్ ఒక వ్యాసంలో ‘మెమెక్స్’ అనే యంత్రాన్ని వర్ణించాడు. అది ఎన్నడూ తయారు కాలేదు. అయినా తరువాతి పరిశోధకులకు దారి చూపింది. 1972లో అలన్ కే పిల్లల కోసం ‘డైనాబుక్’ను ప్రతిపాదించాడు. 1991లో మార్క్ వైజర్ పరిసరాల్లో కలిసిపోయి దృష్టికి రాని కంప్యూటర్లను ఊహించాడు. ఈ ఊహలన్నింటిలోనూ యంత్రంతో పాటు ఒక మనిషి కూడా ఉన్నాడు. మెమెక్స్ ముందు కూర్చున్నది పరిశోధకుడు, డైనాబుక్ పట్టుకున్నది చదువుకునే పిల్ల.

2013లో ఆంథొనీ డన్, ఫియోనా రేబీ తమ ‘స్పెక్యులేటివ్ ఎవ్రీథింగ్’ గ్రంథంలో ఊహాత్మక రూపకల్పనను విపులంగా చర్చించారు. రాబోయేదాన్ని జోస్యం చెప్పడం దాని పని కాదు. ఎటువంటి భవిష్యత్తు కావాలో, ఎటువంటిది వద్దో సమాజం ముందుగానే చర్చించుకునేలా కల్పిత వస్తువులను, సన్నివేశాలను ముందుంచడం దాని పని. ఈ దృష్టితో తెలుగు కంప్యూటర్ వ్యవహార చరిత్రను చూసినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది: ప్రతి దశలోనూ ఊహించిన తెలుగు మనిషి ఎవరు?

మీటల దశలో ఊహించిన మనిషి

1990 దశకం తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ప్రవాసాంధ్రుల మధ్య తెలుగు రాతకు మార్గం వేసింది. అది ఊహించిన మనిషికి రోమన్ అక్షరాలు ముందే వచ్చు; ఇంగ్లీషు మీటల పలక అతని చేతికి అలవాటు. 2006లో వచ్చిన ‘లేఖిని’ ఆ మార్గాన్నే అంతర్జాలంలో సులభతరం చేసి ఎందరినో తెలుగు రాతకు మళ్లించింది.

ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక మరొక మనిషిని ఊహించింది. అందులో ఒకే ధ్వనికి అన్ని భారతీయ లిపుల్లోనూ ఒకే మీట. తెలుగు టైపు నేర్చినవాడు లిపి మార్చుకుంటే కన్నడమూ టైపు చేయగలడు. కర్ణాటక సరిహద్దున ఉన్న ఆదోని వంటి ప్రాంతానికి ఇది సహజమైన ఊహ. అయితే దీన్ని వాడాలంటే శిక్షణ పొందాలి. మొదటిదానికి ఇంగ్లీషు అక్షరాలు కావాలి, రెండవదానికి టైపు శిక్షణ కావాలి. ఈ రెండూ లేని సేద్యగాడు, చేనేత కార్మికురాలు ఆ ఊహల్లోకి రాలేదు.

మాట దశలో తలెత్తే సమస్య

2017లో గూగుల్ మాట ద్వారా టైపు చేసే సదుపాయాన్ని తెలుగుకు విస్తరించింది. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ప్రారంభించింది. మాట్లాడితే చాలు, అక్షరం అడ్డురాదన్న ఆశ కలిగింది. కాని మాటకు మాండలికం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మండలాలుగా విభజించి రాయలసీమను దక్షిణ మండలంలో చేర్చారు. పాఠ్యపుస్తకం ‘వేరుశనగ’ అనే పంటను కడప పల్లె ‘శెనిక్కాయ’ అంటుంది, కర్నూలు పల్లె ‘బుడ్డలు’ అంటుంది. ‘వస్తున్నాడు’ అన్నది ఇక్కడ ‘వస్తాండాడు’ అవుతుంది.

యంత్రం తనకు ఎక్కువగా వినిపించిన భాషనే బాగా గుర్తిస్తుంది. దానికి నేర్పిన తెలుగు వార్తలదీ పుస్తకాలదీ అయితే, తప్పిన మాటకు మూల్యం చెల్లించేది మాట్లాడినవారే. ఇక్కడ రెండు కల్పిత సన్నివేశాలను ఊహించవచ్చు. మొదటిదానిలో ఆదోని మార్కెట్ యార్డులో ఒక రైతు ‘బుడ్డల రేటు యాడికి వచ్చె’ అని యంత్రాన్ని అడుగుతాడు. అది అర్థం చేసుకోదు. అతడు మూడుసార్లు అడిగి, చివరకు పక్కనున్న చదువుకున్న కుర్రవాడి చేత ‘వేరుశనగ ధర ఎంత’ అనిపిస్తాడు. రెండవదానిలో యంత్రమే ‘బుడ్డలంటే వేరుశనగ కాయలేనా?’ అని అడిగి, ఆ మాటను నేర్చుకుంటుంది. రెండింటి మధ్య తేడా యంత్రశక్తికి సంబంధించింది కాదు. ఎవరు ఎవరి భాషకు తలవంచాలన్న నిర్ణయానికి సంబంధించింది.

కడపలోని పూర్వరంగం

రెండవ సన్నివేశానికి ఈ ప్రాంతంలోనే చారిత్రక ఆధారం ఉంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరించి పరిష్కరింపజేశాడు. అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. 1854లో అతడు మిశ్రభాషా పదాలకు వేరుగా ఒక నిఘంటువు ప్రకటించాడు. కచేరీల్లో, వ్యవహారంలో కలిసిపోయిన హిందూస్తానీ తదితర పదాలు కావ్యభాషకు వెలుపలివైనా అతడు వాటిని తోసివేయలేదు. పాలనావసరం దాని వెనుక ఉన్నది నిజమే. అయినా జనం వాడే మాటను దోషంగా కాక సమాచారంగా స్వీకరించడం గమనార్హం.

ఈ వైఖరికి శాస్త్రీయ రూపం ‘మాండలిక వృత్తిపదకోశం’. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. జిల్లాలవారీగా వృత్తులవారి నోట విని నమోదు చేసిన ఈ పదాలు, నేటి భాషాయంత్రానికి అవసరమైన మాండలిక సామగ్రికి పూర్వరూపాలు. పదం ఎక్కడ వినిపించిందో చెప్పే ఆ పద్ధతి కూడా యంత్రానికి అవసరమే.

ముగింపు

తెలుగు కంప్యూటర్ వ్యవహారంలో మొదట రోమన్ లిపి తెలిసినవాడు, తరువాత టైపు నేర్చినవాడు ఊహకు అందారు. మూడవ దశలో ప్రమాణభాష మాట్లాడేవాడినే ఊహిస్తే, పూర్వం లిపి వద్ద ఆగిన తలుపు ఇప్పుడు యాస వద్ద ఆగుతుంది. యంత్రం కోసం మాట మార్చుకోవలసి వచ్చిన తరం, ఇంట్లో కూడా ఆ మాటను క్రమంగా వదిలివేసే అవకాశం ఉంది. కాబట్టి ఊహాత్మక రూపకల్పన ఇంజనీరింగు విభాగాలకే పరిమితం కాకూడదు. మాండలిక పరిశోధన చేసే తెలుగు శాఖలు క్షేత్రపర్యటనల్లో సేకరించిన పదాన్నీ ధ్వనినీ స్థలనామంతో సహా భద్రపరచి, వక్తల అనుమతితో యంత్ర నిర్మాతల ముందుంచాలి. రాయలసీమ మాట రేపటి యంత్రంలో ఉండాలంటే, దాన్ని ఊహించే దశలోనే ఆ మాట తెలిసినవారు ఉండాలి.