ఎరిచే కొండ మీది దేవత

సిసిలీ ద్వీపం పడమటి కొసన త్రాపని రేవు. దాని వెనకే లేచిన కొండ మీద, 750 మీటర్ల ఎత్తున, ఎరిచే అనే రాతి ఊరు. పైనుంచి చూస్తే కింద ఉప్పుమడులు, సముద్రంలో ఎగాది దీవులు. మబ్బు దిగిందా, ఎదుటి గోడ కూడా కనిపించదు.

ఇక్కడి పాతకాపులు ఎలిమియన్లు. కొండకొమ్మున వాళ్లు కొలిచిన దేవతను తర్వాత వచ్చినవాళ్లెవరూ కాదనలేదు. ఫినీషియన్లకు ఆమె అస్తార్తే, గ్రీకులకు అఫ్రొదితే, రోమన్లకు వీనస్. ఓడవాళ్లకు దూరం నుంచే ఆనవాలు పట్టించేది ఈ కొండే కాబట్టి ఆమె మీద వాళ్లకు గురి ఎక్కువ. ఏటా దేవత లిబియాకు వెళ్తుందనీ, గుడి పావురాలు ఆమె వెంట ఎగిరిపోయి తొమ్మిది రోజులకు తిరిగొస్తాయనీ నమ్మి పండగ చేసేవారు.

అసలు కథ రోమ్, కార్తేజ్‌ల నడుమ జరిగిన యుద్ధంలో ఉంది. క్రీ.పూ. 249లో రోమన్లు శిఖరాన్ని పట్టుకున్నారు. అయిదేళ్లకు కార్తేజ్ సేనాని హమిల్కార్ బార్కా రాత్రికి రాత్రి వచ్చి వాలు మీది ఊరిని ఆక్రమించాడు. పైన గుడి దగ్గర శత్రువే, కొండ కింద శత్రువే. ఆ రెంటి నడుమ రెండేళ్లకు పైగా నిలిచాడు. నేల మీద అతన్ని ఎవరూ ఓడించలేదు. క్రీ.పూ. 241లో ఎగాది దీవుల దగ్గర కార్తేజ్ నౌకాదళం చితికిపోయాకే కిందికి దిగాడు. శత్రువు ఓడను గుద్ది చీల్చడానికి ముందుభాగాన బిగించిన కంచు తొడుగులు ఈ శతాబ్దంలో ఆ నీళ్లలోనే దొరుకుతున్నాయి.

హమిల్కార్ కొడుకే హానిబాల్. క్రీ.పూ. 217లో త్రసిమేనె సరస్సు దగ్గర అతని చేతిలో దెబ్బతిన్న రోమ్, దిక్కుతోచక ఈ ఎరిచే వీనస్‌కే మొక్కుకుంది. రెండేళ్లకు రోమ్ నగరంలోనే కాపిటోలిన్ కొండ మీద ఆమెకు గుడి వెలిసింది. తండ్రి కాపు కాసిన కొండ దేవతను కొడుకు మీద గెలుపు కోసం వేడుకోవడం! చరిత్రలో నన్ను ఇంతగా పట్టుకున్న మలుపులు తక్కువ.

ఎరిచే కొండ మీది పాత గుడి ఇప్పుడు లేదు. ఆ చోటున నార్మన్లు కోట కట్టారు. దాన్ని నేటికీ వీనస్ కోట అనే పిలుస్తారు. 1314లో మొదలైన పెద్ద చర్చికీ గుడి రాళ్లే వాడారంటారు. ఊరు కూడా శతాబ్దాల పాటు మోంతె సాన్ జులియానోగా ఉండి, 1934లో పాత పేరుకు మళ్లింది. 1963 నుంచి ఇక్కడి పాత మఠాల్లో ఎత్తోరె మజొరానా విజ్ఞాన కేంద్రం నడుస్తోంది. సైన్సులో దాపరికం ఉండకూడదని భౌతిక శాస్త్రవేత్తలు పాల్ డిరాక్, ప్యోతర్ కపిత్సా, అంతోనినో జికికి 1982లో ప్రకటన రాసింది ఈ ఊళ్లోనే.