కళాయి: ఇంటింటి ఇత్తడి పాత్రల వెనుక ఒక వృత్తి చరిత్ర

స్టీలు సామాను రాకముందు తెలుగు ఇళ్లలో మట్టికుండలతో పాటు ఇత్తడి, రాగి, కంచు పాత్రలు వాడుకలో ఉండేవి. వీటిలో ఇత్తడి, రాగి పాత్రలు తరతరాలకు మన్నేవే అయినా, చింతపండు పులుసు, మజ్జిగ వంటి పుల్లని పదార్థాలు వాటిలో నిలవ ఉంటే లోహం కొద్దికొద్దిగా కరిగి ఆహారంలో కలిసేది. దానివల్ల రుచి చెడడమే కాక తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి కలిగేవి. చిలుము అని వ్యవహరించే ఆకుపచ్చని పొర ఇలా పుట్టే రాగి లవణాలతో ఏర్పడినదే. అందుకే పులుసును మట్టిపాత్రలోనో, మెత్తరాతితో తొలిచిన రాచ్చిప్పలోనో కాచేవారు. ఇత్తడి గిన్నె వాడక తప్పనప్పుడు దాని లోపలి భాగానికి కళాయి, అంటే తగరపు పూత, వేయించేవారు.

పాత్రలు చేయడం, చిల్లుపడితే మాటు వేయడం కంచరి పని కాగా, కళాయి వేసేవారు చాలాచోట్ల ఊరూరా తిరిగేవారు. వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, తోలుతిత్తితో గాలి ఊదుతూ, ముందే తోమి మకిలి వదిలించిన పాత్రను బాగా వేడిచేసి, అందులో నవాసారం పొడి చల్లగానే తెల్లని పొగ లేచేది. ఈ లవణం లోహం మీది తుప్పుపొరను తొలగిస్తుంది కాబట్టి, ఆ వెంటనే తగరపు కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో నలుమూలలా రుద్దితే పాత్ర లోపలంతా వెండిలా మెరిసేది.

పూతతో పాటు దాన్ని కాపాడుకునే పద్ధతి కూడా ఇంటి ఆడవారికి తెలిసి ఉండవలసి వచ్చేది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. పాత్రలో నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది గనుక పూతకు ముప్పులేదు, ఖాళీ గిన్నెను పొయ్యిమీద మరిచిపోతే మాత్రం పూత కరిగి ముద్దకడుతుంది. ఇసుకతోనో ఇటుకపొడితోనో గట్టిగా తోమకూడదనీ, అడుగున పసుపు లేదా ఎరుపు ఛాయ కనబడితే మళ్లీ కళాయి వేయించేదాకా పులుపు వండకూడదనీ చెప్పే జాగ్రత్తలు ఈ లోహస్వభావం నుంచి వచ్చినవే.

1898లో ఆంగ్లేయ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించడంతో, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన తెలుగు జిల్లాలకు కూడా కళాయి అక్కరలేని చవక పాత్రలకు దారి ఏర్పడింది. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో స్టీలు వ్యాపించి, పాత బట్టలకు కూడా స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారులు ఇంటి ముంగిటికే రావడంతో, కళాయి పనికి గిరాకీ తగ్గి, దానితోపాటు ఆ జాగ్రత్తలూ కొత్తతరానికి అందకుండా పోయాయి.

ఆరోగ్యం పేరిట ఇత్తడి పాత్రలు ఇప్పుడు మళ్లీ వంటిళ్లకు చేరుతున్నాయి. వాటిని కొనేవారు పాత్ర మెరుపు కంటే లోపలి పూతను ముందు చూడాలి. సీసం విషపదార్థం కాబట్టి అది కలవని శుద్ధమైన తగరంతోనే కళాయి వేయించాలి. పూత అరిగిన పాత్రలో పులుపు వండకూడదు.