కట్ట కింద ఎవరున్నారు?



2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారమంతా సింధనూరు, మాన్వి క్యాంపుల్లో మనకు ఒకటే దిగులు, వరికి నీళ్ళెలా అని. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారు దగ్గరుండి స్టాప్‌లాగ్‌లు దింపించేదాకా మన మనసు కుదుటపడలేదు. నది ఒడ్డు ఊళ్ళవాళ్ళ దిగులు వేరు. నీళ్ళు పోతున్నాయని మనం భయపడ్డాం, నీళ్ళు వస్తున్నాయని వాళ్ళు భయపడ్డారు.

ఇప్పుడీ మాట ఎందుకంటే, మొన్నటి సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. వాగుకు అడ్డంగా ఉన్న పాత కట్టను ఎత్తు పెంచి, పిల్లలు పడవెక్కేలా, కార్తీక వనభోజనాలకు పనికొచ్చేలా చెరువు చేద్దామని. మనందరికీ నచ్చింది. నచ్చింది కాబట్టే ఒక పాత కథ చెప్పుకోవాలి.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో, సౌత్ ఫోర్క్ అనే చోట, పడవల కాలువకు నీళ్ళివ్వడానికి ప్రభుత్వం ఒక మట్టికట్ట కట్టి 1853లో పూర్తి చేసింది. రైళ్ళొచ్చాక ఆ కాలువ మూలపడింది, కట్ట చేతులు మారింది. చివరికి 1879లో ఏర్పడిన ఒక విహార క్లబ్బు చేతికొచ్చింది. కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులు అందులో సభ్యులు. చేపలు పట్టుకోవడం, పడవల్లో తిరగడం వాళ్ళ సరదా.

72 అడుగుల ఆ కట్టకు ఏం చేశారో మన చెరువుల భాషలోనే చెప్పుకోవచ్చు. తూము గొట్టాలను అంతకుముందు యజమాని పీకించి అమ్మేశాడు, క్లబ్బు మళ్ళీ పెట్టలేదు. బండ్లు పోవడానికి కట్ట పైభాగాన్ని కొంత తగ్గించి వెడల్పు చేశారు. చేపలు పోకుండా అలుగుకు ఇనుప తడికలు బిగించారు. దిగువన జాన్స్‌టౌన్‌లో ఇనుప కర్మాగారం ఉంది. దాని ఇంజనీరు జాన్ ఫుల్టన్ 1880లో వచ్చి చూసి, తూము లేదు, మరమ్మతు సరిగా లేదు అని రాశారు. క్లబ్బు పట్టించుకోలేదు.

1889 మే 31న కుండపోత వాన కురిసింది. తడికలకు చెత్త పట్టింది, నీళ్ళు కట్ట మీదుగా పొర్లాయి, మధ్యాహ్నం 3 దాటాక కట్ట తెగింది. 22 కిలోమీటర్ల దిగువనున్న ఊరు తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాళ్ళు 2,209 మంది. క్లబ్బు మీద వేసిన కేసుల్లో బాధితులకు పైసా పరిహారం రాలేదు.

ఇప్పుడు ఇంజనీర్లు డ్యాములను ప్రమాద తరగతులుగా విడదీస్తారు. చాలామంది అనుకున్నట్టు అది కట్ట గట్టిదా, బలహీనమా అన్న లెక్క కాదు. తెగితే దిగువన ఎవరికి, ఎంత నష్టం అన్న లెక్క. పొలాల మధ్య చిన్న కట్టది తక్కువ తరగతి. రేపు దాని కింద పది ఇళ్ళు లేస్తే, కట్ట మీద ఒక్క గంప మట్టి కదలకపోయినా, తరగతి పెరుగుతుంది.

2021 నాటి డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన వాటికి, 10 నుంచి 15 మీటర్ల లోపు కొన్ని షరతులకు సరిపోయిన వాటికి వర్తిస్తుంది. మన కట్ట అందులోకి రాదు. కాబట్టి ఆ చట్టం కింద తనిఖీకి ఎవరూ రారు. చూసుకోవాల్సింది మనమే.

మన వాగు దిగువన నాట్లకు వచ్చే కూలీల గుడిసెలున్నాయి. మొన్నటి సమావేశంలో వాళ్ళెవరూ లేరు. జాన్స్‌టౌన్ వాళ్ళకూ ఆ క్లబ్బులో మాట చెల్లలేదు.

కాబట్టి చందాలు మొదలుపెట్టకముందే ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని కట్ట నుంచి దిగువకు నడుద్దాం. ప్రతి గుడిసె రాసుకుందాం. అలుగు ఎంత ఉండాలి, తూము ఎక్కడ పెట్టాలి, అర్ధరాత్రి వాన పడితే తూము ఎవరు ఎత్తాలి, గుడిసెలవాళ్ళను ఎవరు లేపాలి అన్నది తేల్చుకుందాం. వచ్చే సమావేశానికి వాళ్ళనూ పిలుద్దాం. వాళ్ళు సరేనంటేనే పడవల మాట.