జీపు ఎవరిది, జవాబు ఎవరిది? (రోడ్డు – కులం – కోర్టు: 6వ భాగం)



పోయిన భాగంలో ఊరి బాట దగ్గర ఆగాం. చెప్పులు చేతబట్టుకుని నడిచిన మన తాతల దగ్గర ఆగాం. ఈసారి అదే బాట మీదికి సర్కారు బండి వచ్చింది. దాన్ని తోలేదెవరు, ఆ తోలడం ఎవరు నేర్పారు, అది మనిషిని తొక్కితే జవాబు చెప్పేదెవరు? ఇవాల్టి సంగతి ఇదే. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేనుండే బ్రాడీపేటలో లైన్లకీ అడ్డరోడ్లకీ నంబర్లుంటాయి. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, ఆటో అన్న ఇంకేమీ అడగడు. కోచింగ్ పిల్లలు, హాస్టళ్ళు, ఆస్పత్రులు, టిఫిన్ బళ్ళు, అన్నీ ఈ నంబర్ల మధ్యే. ఇరుకు రోడ్డులో సైరన్ మోగిందంటే జనం గోడకి ఒదిగిపోతారు. అంబులెన్సుకి ఒదగడం వేరు, అది ధర్మం. ఖాళీ జీపుకీ, పైలట్ బండికీ కూడా అలాగే ఒదుగుతాం. ఎందుకని ఎవరూ అడగరు. ఒకప్పుడు దొర క్యాంపుకి వస్తే ముందు నడిచి దారి చూపిందీ, సామాను మోసిందీ మాల, మాదిగ వెట్టివాళ్ళే. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే తొలి పైలట్ బండి మన తాతల కాళ్ళే. ఆ కాళ్ళు కందితే అడిగిన సర్కారు లేదు.

మరి సర్కారు తన తప్పుకి డబ్బు కట్టాలని కోర్టు ఎప్పుడంది? మనిషి కోసం కాదు, గుర్రం కోసం అంది.

కలకత్తా కిద్దర్‌పూర్‌లో సర్కారు డాక్‌యార్డు. అందులోంచి పి అండ్ ఓ ఓడల కంపెనీ బగ్గీ పోతోంది. సర్కారు కూలీలు పెద్ద ఇనుప సామాను మోసుకెళ్తూ, బగ్గీ వస్తుంటే కంగారుపడి దాన్ని దారిలోనే పడేశారు. ఆ చప్పుడుకి గుర్రం బెదిరి ఇనుము మీదికి పోయి దెబ్బతింది. కంపెనీ దావా వేసింది. 1861లో తీర్పొచ్చింది. నష్టపరిహారం 350 రూపాయలు. ప్రధాన న్యాయమూర్తి బార్న్స్ పీకాక్ ఆ తీర్పులో ఒక గీత గీశాడు. మామూలు వ్యాపారి కూడా చేయగల పని సర్కారు చేస్తూ నష్టం తెస్తే కట్టాల్సిందే. రాజ్యానికి మాత్రమే ఉండే అధికారం వాడుతూ నష్టం చేస్తే సర్కారు మీద దావా చెల్లదు. గుర్రానికి న్యాయం జరిగింది, మంచిదే. ఆ గీత మాత్రం మన మెడకి చుట్టుకుంది.

ఈస్టిండియా కంపెనీ మీద ఏ మేరకు దావా వేయొచ్చో ఆ మేరకే ప్రభుత్వం మీద అని 1858 చట్టం అంది. 1935 చట్టమూ అదే దారి. రాజ్యాంగం 300వ ఆర్టికల్ కూడా పాత స్థితినే కొనసాగించింది. అయితే పార్లమెంటు కొత్త చట్టం చేసుకోవచ్చని తలుపు తెరిచే ఉంచింది. లా కమిషన్ 1956లో తన మొట్టమొదటి నివేదికలోనే ఆ చట్టం చేయమంది. 1965లో ఒక బిల్లు, 1967లో ఇంకో బిల్లు వచ్చాయి. రెండూ చట్టం కాలేదు. తలుపు తెరిచే ఉంది, లోపలికి అడుగుపెట్టినవాడు లేడు.

ఇక తోలడం నేర్పే సంగతికి వద్దాం. దీనికి మన బాబాసాహెబ్ కాలే సాక్ష్యం.

1929 అక్టోబరు 23. అంటరానివారి కష్టాలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో అంబేడ్కర్ సభ్యుడు. ధూలియా నుంచి బొంబాయి వెళ్తూ చాలీస్‌గావ్‌లో దిగారు. స్టేషన్ నుంచి మహార్‌వాడకి టాంగాలో తీసుకెళ్ళాలి. మహార్‌ని ఎక్కించుకుని తోలడానికి ఒక్క టాంగావాలా ఒప్పుకోలేదు. చివరికి ఒకడు బండి అద్దెకిస్తాను గానీ నేను తోలనన్నాడు. తోలడం అలవాటు లేని మహార్ ఒకాయన కళ్ళెం పట్టుకున్నాడు. ఏటి కల్వర్టు మీద రాళ్ళ సందులో చక్రం ఇరుక్కుంది. అంబేడ్కర్ ఎగిరి రాతి మీద పడ్డారు, గుర్రమూ బండీ ఏట్లో పడ్డాయి. ఆయన కాలు విరిగింది. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ఆయనే రాసుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? ఇవాల్టి స్టేషన్‌లో అయితే కేసు ఆ మహార్ మీదే రాస్తారు, కళ్ళెం ఆయన చేతిలో ఉంది కాబట్టి. తోలడం వచ్చినవాళ్ళు తోలం అన్నారు. రానివాడి చేతిలో కళ్ళెం పెట్టిన ఏర్పాటు వేరే ఉంది. ఆ ఏర్పాటు పేరు ఏ ఎఫ్.ఐ.ఆర్.లోనూ ఉండదు. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కళ్ళెం పట్టినవాడి దగ్గరే విచారణ ఆగిపోయినంతకాలం, కళ్ళెం చేతికిచ్చినవాడు హాయిగా ఉంటాడు.

స్వతంత్రం వచ్చాక ఏమైందో చూడండి. 1952 ఫిబ్రవరి, ఉదయ్‌పూర్. కలెక్టరు గారి జీపు రిపేరు చేయించుకుని బంగళాకి తిరిగొస్తోంది. ఫుట్‌పాత్ మీద నడుస్తున్న మనిషిని గుద్దింది. మూడు రోజులకి ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు. ఆ డ్రైవరు తాత్కాలిక ఉద్యోగి, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. భార్య కోర్టుకెక్కింది. రాజ్యాధికారం కాబట్టి మాకు సంబంధం లేదని రాజస్థాన్ ప్రభుత్వం వాదించింది. హైకోర్టు 15,000 రూపాయలు కట్టమంది. 1962లో సుప్రీంకోర్టు కూడా కట్టాల్సిందే అంది. భర్తని పోగొట్టుకున్న ఆ తల్లి పదేళ్ళు నడిచి మనందరికీ దారి వేసింది.

ఆ దారి మూడేళ్ళ లోపే మూసుకుంది. 1964లో కస్తూరిలాల్ కేసు. మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం పట్టుకున్నారు. హెడ్ కానిస్టేబుల్ దాంతో పాకిస్తాన్ పారిపోయాడు. అరెస్టు చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం రాజ్యాధికారం, అందుకని సర్కారు కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు అంది. ఉదయ్‌పూర్ జీపు వేరు, అది మెకానిక్ దగ్గర్నుంచి వస్తోంది కదా అంది. అంటే ఏమిటి? మెకానిక్ షెడ్డు నుంచి వస్తున్న జీపు తొక్కితే డబ్బొస్తుంది. అరెస్టుకి పోతున్న జీపు తొక్కితే? చక్రం కింద ఉన్నవాడు, సారూ, మీరు డ్యూటీ మీద పోతున్నారా, షెడ్డు నుంచి వస్తున్నారా అని ముందు అడగాలన్నమాట. మిలిటరీ బండి హాకీ ఆటగాళ్ళని తీసుకెళ్తూ మనిషిని చంపితే, ఆ ఆట కూడా రాజ్యాధికారమేనని సర్కారు వాదించింది. 1967లో ఢిల్లీ హైకోర్టు ఆ వాదన కొట్టేసింది.

ఈ గీతని చెరపడంలో మన ఆంధ్ర కేసులు రెండు ఉన్నాయి, గుర్తుపెట్టుకోండి. 1994లో ఎన్. నాగేంద్రరావు కేసు. ఎరువుల వ్యాపారి సరుకు అధికారులు పట్టుకుని పాడుచేశారు. ప్రజాస్వామ్యంలో ఈ పాత రాజరికపు రక్షణకి చోటు లేదని సుప్రీంకోర్టు అంది. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసు. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో బాంబు దాడి జరిగి మనిషి చనిపోయాడు. 21వ ఆర్టికల్ ఇచ్చిన ప్రాణహక్కు ముందు రాజ్యాధికారం అనే సాకు చెల్లదని కోర్టు తేల్చింది.

అలా పరిహారం దారి కొంత తెరుచుకుంది. పరిహారం అంటే పోయిన ప్రాణానికి లెక్క కట్టడం. ప్రాణం పోకుండా చూసేది శిక్షణ. ఆ శిక్షణ కూడా చట్టానికి జవాబు చెప్పాలన్న ఆలోచన ఎక్కడ మొదలైందో చూడాలంటే, మనకి పోలీసు చట్టం రాసిచ్చిన ఇంగ్లండుకే పోవాలి.

1930లలో లండన్ పోలీసులు హెండన్‌లో డ్రైవింగ్ బడి పెట్టారు. తమ బళ్ళే గుద్దుకుంటున్నాయని గ్రహించి పెట్టారు. రేసు కార్లు తోలిన ఎర్ల్ ఆఫ్ కాటెన్‌హామ్ చేత పాఠాలు తయారు చేయించారు. ఆ పద్ధతి 1955లో ‘రోడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకంగా జనానికి కూడా అందింది. అందులో ఒక అభ్యాసం నాకు బాగా నచ్చింది. నేర్చుకునేవాడు తోలుతూ తనకి కనపడేదంతా పైకి చెప్పాలి. ఎడమ పక్క ఆగిన బస్సు, దాని కింద పాదాలు కనపడుతున్నాయి, పిల్లాడు అడ్డం రావచ్చు, స్పీడు తగ్గిస్తున్నాను, ఇలా. అంటే వేగం కన్నా ముందు మనిషిని చూడటం నేర్పుతారు. గోడకి ఒదిగినవాణ్ణి కూడా లెక్కలో వేసుకునే చదువు అది.

అక్కడా అంతా ధర్మరాజులేం లేరు. 2003లో ఒక కానిస్టేబుల్ కొత్త బండిని అలవాటు చేసుకుంటున్నానని హైవే మీద గంటకి 159 మైళ్ళు తోలాడు. మన లెక్కలో దాదాపు 256 కిలోమీటర్లు. 2005లో కోర్టు వదిలేసింది. జనం మండిపడ్డారు, కేసు మళ్ళీ నడిచింది, నేరం రుజువైనా శిక్ష లేకుండా పంపారు. ఆ తర్వాత చాలా గొడవలయ్యాయి. చివరికి 2022లో చట్టం మార్చి ఒక కొలత పెట్టారు. అదే శిక్షణ పొందిన, జాగ్రత్తగల, సమర్థుడైన పోలీసు డ్రైవరు ఇలా తోలేవాడా కాదా అన్నది ఆ కొలత. దీన్లో పోలీసుకి రక్షణ ఉంది, నిజమే. కానీ ఆ రక్షణ కావాలంటే శిక్షణ కాగితం కోర్టు ముందు పెట్టాలి. నేర్పారా లేదా, ఏ స్థాయి నేర్పారు, అన్నీ బయటికి రావాలి. అలా శిక్షణ ఇచ్చిన శాఖ కూడా బోనులోకి వస్తుంది.

మన దగ్గర 2017 డ్రైవింగ్ నిబంధనలు ఉన్నాయి. అత్యవసరానికి పోతున్న పోలీసు బండి, ఫైరింజను, అంబులెన్సు స్పీడు పరిమితి దాటొచ్చు, ఎర్రలైటు దాటొచ్చు. అయితే తగిన జాగ్రత్తతో, బాధ్యతతో అని రాశారు. బాగుంది. ఆ జాగ్రత్త ఏ మైదానంలో నేర్పారు? ఎన్ని గంటలు? పరీక్ష పెట్టిందెవరు?

నాకు తెలిసిన ఒక హోంగార్డు డ్రైవరన్న ఉన్నాడు. ఊరూ పేరూ చెప్పను, రోజుకూలీ మీద బతికే మనిషి. ఆయన మాట ఆయన మాటల్లోనే వినండి. “లైసెన్సు చూశారు, గ్రౌండులో ముందుకీ ఎనక్కీ తోలిచ్చారు, అంతే తమ్ముడూ. మూడోరోజు ఎస్కార్టుకి పొమ్మన్నారు. ముందు బండితో ఎంత ఎడం ఉంచాలో ఎవురూ చెప్పలా. ఎడం ఉంచితే ఎనకాల సారు తిడతాడు, ఉంచకపోతే బ్రేకేసినప్పుడు దేవుడే దిక్కు.” రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే మళ్ళీ స్టీరింగు పట్టిన రోజులు ఎన్నో లెక్క లేదన్నాడు. స్పీడు పెంచు అన్న మాట నోటితో వస్తుంది. నోటిమాటకి రికార్డు ఉండదు. గుద్దినప్పుడు మాత్రం కాగితం మీద ఒకటే పేరు ఉంటుంది.

ఇక మన గుంటూరు సంగతి. 2025 జూన్ 18. మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కాన్వాయ్ సత్తెనపల్లి మండలం రెంటపాళ్ళకి పోతోంది. ఏటుకూరు బైపాస్ దగ్గర జనం మధ్యలో యాభై దాటిన ఒక దళితుడు చక్రం కింద పడి చనిపోయాడు. కాన్వాయ్‌లోది కాదు, వేరే ప్రైవేటు బండి అని పోలీసులు మొదట చెప్పారు. కొద్ది రోజులకి వీడియో బయటికొచ్చాక, నాయకుడు కూర్చున్న బండే అన్నారు. సెక్షన్లు మారాయి. మొదటి ముద్దాయి డ్రైవరు, ముందు అరెస్టయిందీ ఆయనే. ఇది రాజకీయ కక్ష అని ఆ పార్టీ అంది, హైకోర్టు విచారణ మీద స్టే ఇచ్చింది. ఎవరు దోషో నేను తేల్చను, అది కోర్టు పని. నా ప్రశ్న వేరు. రెండు పార్టీలూ నెలల తరబడి కొట్టుకున్నాయి గానీ, జనం గుంపులో బరువైన రక్షణ బండిని తోలడానికి ఆ డ్రైవరుకి ఏ శిక్షణ ఇచ్చారు, చక్రాల పక్కన జనాన్ని ఆపే పని ఎవరిది అన్నది మాత్రం చర్చలోకి రాలేదు. అక్కడ వేగం కూడా పెద్దగా లేదు. నిదానంగా తిరిగే చక్రం కూడా చూపు లేకపోతే చంపుతుంది.

ఇంకో మెలిక చూడండి. డ్యూటీలో చేసిన నేరానికి ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడపకూడదనే రక్షణ ఒకటి ఉంది. పాత సి.ఆర్.పి.సి. 197, ఇప్పుడు బి.ఎన్.ఎస్.ఎస్. 218. అది ప్రభుత్వం తప్ప ఇంకెవరూ ఉద్యోగంలోంచి తీసేయలేని పై అధికారులకి. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప మామూలు కానిస్టేబుల్‌కి ఆ గొడుగు లేదు. పైన కూర్చున్నవాడికి గొడుగు, స్టీరింగు దగ్గరున్నవాడికి వాన. చక్రం కింద ఉన్నవాడికి వరద.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. సైరన్ బండి తోలే ప్రతివాడికీ శిక్షణ రికార్డు ఉండాలి, ప్రమాదం జరిగితే అది కేసు ఫైలులో చేరాలి. అత్యవసరం అని ఎవరు ఆదేశించారో టైముతో సహా రాసి ఉండాలి. ఎన్ని గంటల డ్యూటీ తర్వాత తోలాడో కూడా రాయాలి. దర్యాప్తు ఆ బండి ఏ శాఖదో ఆ శాఖ చేతిలో ఉండకూడదు. ఇవి పోలీసు డ్రైవర్లకి వ్యతిరేకం కాదు. స్టీరింగు పట్టిన వాళ్ళలో మన వాడల పిల్లలూ ఉన్నారు. వాళ్ళని కాపాడేదీ ఆ కాగితమే.

ఎవరో చేస్తారని కూర్చోవద్దు. సమాచార హక్కు కింద జిల్లా ఆఫీసుకి పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. డ్రైవర్లకి శిక్షణ ఎన్ని రోజులు, ఎవరిచ్చారు, ఎప్పుడు పరీక్ష పెట్టారు, గత ఐదేళ్ళలో ప్రమాదాలెన్ని అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ ఊళ్ళో ఎవరినైనా సర్కారు బండి గుద్దితే ఇన్సూరెన్సు లేదని వెనక్కి పంపుతారు, పోవద్దు. 146వ సెక్షన్ ప్రభుత్వ బళ్ళకి ఇన్సూరెన్సు మినహాయింపు ఇచ్చింది గానీ, పరిహారం కట్టే బాధ్యత నుంచి కాదు. ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయండి. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు ఆరు నెలలే. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు ఉంది, అయినా ఆలస్యం చేయొద్దు.

గుర్రం దెబ్బకి లెక్క కట్టి నూట అరవై ఏళ్ళు దాటింది. మన మనిషి చనిపోయినప్పుడు డబ్బు ఎంత అని అడిగి ఊరుకోవద్దు. ఆ బండి ఎవరు తోలమన్నారు, ఎవరు నేర్పారు అని అడుగుదాం.

వచ్చే భాగంలో అంబులెన్సు మన వాడకి ఎందుకు ఆలస్యంగా వస్తుందో మాట్లాడుకుందాం.

జై భీమ్.