తాలీం కసరత్తు మనసుకూ మందేనా?

హైదరాబాద్ పాతబస్తీలో కసరత్తు శాలను తాలీం అంటారు. అరబ్బీలో ఆ మాటకు చదువు, శిక్షణ అని అర్థం. ఒకప్పుడు నిజాం అరబ్బు సైనికులు బస చేసిన బార్కస్‌లో పహిల్వాన్లకు ఇప్పటికీ గౌరవముంది. మరి ఆ చెమట సిటీ కాలేజీలోనో నిజామియా తిబ్బీ కాలేజీలోనో చదివే కుర్రాడి దిగులును తగ్గిస్తుందా? తగ్గించవచ్చు. ఎంత, ఎవరికి అన్నచోటే ఆచితూచి మాట్లాడాలి.

2018లో లాన్సెట్ సైకియాట్రీ ప్రచురించిన అధ్యయనంలో 12 లక్షల మంది అమెరికన్ల జవాబులున్నాయి. వ్యాయామం చేసేవారికి నెలలో మనసు బాగోని రోజులు, చేయనివారికంటే సుమారు 43 శాతం తక్కువ. అంకె ఘనమైనదే. కానీ కుంగిపోయినవాడు పక్క మీంచే లేవలేడు, మైదానానికేం వస్తాడు? కసరత్తు లేక దిగులు వచ్చిందా, దిగులుతో కసరత్తు మానేశారా అన్నది ఒకసారి అడిగి రాసుకున్న లెక్క తేల్చలేదు.

నార్వే పరిశోధకులు ఈ చిక్కును కొంత విప్పారు. మొదట ఆరోగ్యంగా ఉన్న 33,908 మందిని 11 ఏళ్లు గమనించారు. అందరూ వారానికి కనీసం ఒక గంట వ్యాయామం చేసి ఉంటే, తర్వాత వచ్చిన కుంగుబాటు కేసుల్లో 12 శాతం తప్పేవని వారి అంచనా. ఆందోళన విషయంలో మాత్రం అలాంటి రక్షణ కనబడలేదు. పరీక్షల ముందు గుండెదడకు పరుగే మందని చెప్పేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అప్పటికే కుంగుబాటున్న 14,170 మందిపై జరిగిన 218 అధ్యయనాలను 2024లో బీఎంజే వైద్య పత్రిక వ్యాసం ఒకచోట చేర్చింది. నడక, జాగింగ్, యోగా, బరువులెత్తడం మేలు చేశాయి. అయితే ఆధారాలు గట్టివి కావని రచయితలే ఒప్పుకున్నారు. తాను వ్యాయామం చేస్తున్నానని చేసేవారికి తెలుస్తుంది కదా, ఆ నమ్మకం ప్రభావాన్ని విడదీయడం కష్టం.

పైగా వీటిలో ఏదీ పాతబస్తీ విద్యార్థుల మీద జరిగింది కాదు. తాలీంలో కసరత్తుతోపాటు ఉస్తాద్ ఉంటాడు, జతగాళ్లుంటారు. మేలు కండరాలదా, తోడుదా? నా అనుమానం రెండోదాని మీదే ఎక్కువ. పైగా తాలీం తరతరాలుగా మగవాళ్ల చోటు. 2022లో మన దేశంలో 57 శాతం మహిళలకు, 42 శాతం పురుషులకు తగినంత శారీరక శ్రమ లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ లెక్క. హుస్సేనీ ఆలం మహిళా కళాశాల అమ్మాయిని బద్ధకస్తురాలనే ముందు, ఆమె పరుగెత్తడానికి చోటెక్కడుందో చూపించాలి.

కసరత్తు చికిత్సకు తోడే, బదులు కాదు. వారాల తరబడి దిగులు వీడకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడవచ్చు.